మెడికల్‌లో ఆగిన పైలట్ కల... మళ్లీ ఎగరాలంటే!

పదో క్లాసు పరీక్షలు అయిపోగానే "ఏం చదువుతావురా?" అని అడిగితే ఇంజనీరింగ్ అనో, మెడిసిన్ అనో చెప్పే పిల్లలే ఎక్కువ. ఎక్కడో ఒకరు మాత్రం "నేను ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్‌ని అవుతానమ్మా" అంటారు. ముందు నవ్వుతాం. తర్వాత భయపడతాం. కొన్నాళ్లకి పక్కింటావిడతో మనమే గొప్పగా చెప్పుకుంటాం. పుస్తకాల అట్టల మీద విమానాలు, గోడ మీద విమానాలు, కలలో కూడా విమానాలే!

ఇంతలో ఒకరోజు స్కూల్లో కంటి పరీక్ష జరిగి "అద్దాలు కావాలి" అని చీటీ వస్తుంది. లేకపోతే ఆటల్లో పడి చెయ్యి విరుగుతుంది. చిన్నప్పుడు తగ్గిపోయిందనుకున్న ఆయాసం మళ్లీ తిరగబెడుతుంది. "ఇంకేం పైలట్‌లే!" అని ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు. ఆ మాట విన్న పిల్లలు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినరు.

ఆ మాట నిజమేనా? కొందరి విషయంలో నిజమే. చాలామంది విషయంలో అది సగం నిజం. మీ అబ్బాయికో, అమ్మాయికో వచ్చిన అడ్డంకి ఏ రకానిదో తేల్చుకోకుండా కలని చంపెయ్యడం ఎంత తప్పో, ఆ అడ్డంకిని దాచిపెట్టి ముందుకు తొయ్యడం కూడా అంతే తప్పు.

ఎందుకంత పట్టింపు?

"ఇంత చిన్న లోపానికే తీసేస్తారా?" అని చాలామంది తల్లులు బాధపడతారు. పైన జరిగేది తెలిస్తే ఆ పట్టింపు ఎందుకో అర్థమవుతుంది.

యుద్ధవిమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు పైలట్ శరీరం మీద పడే భారం మామూలు బరువుకి 9 రెట్ల దాకా పెరుగుతుంది. అరవై కిలోల మనిషి ఆ క్షణంలో 540 కిలోల బరువు ఉన్నట్టు! ప్రమాదం వచ్చి సీటుతో సహా బయటికి ఎగిరిపోవాల్సి వస్తే వెన్నెముక మీద పడే దెబ్బ పది రెట్లు కూడా దాటుతుంది. అందుకే పైలట్ కావాలనుకునేవారికి మెడ నుంచి నడుం దాకా వెన్నెముక ఎక్స్‌రేలు తీస్తారు. సీటులో ఇమడాలి కాబట్టి కనీసం 163 సెంటీమీటర్ల దాకా ఎత్తు ఉండాలి. అంతేకాదు, కూర్చున్నప్పటి ఎత్తు, కాలి పొడుగు, తొడ పొడుగు కూడా కొలుస్తారు. విమానం పైకి కిందికి మారేటప్పుడు గాలి ఒత్తిడి మారుతుంది కాబట్టి చెవులు, ముక్కు బాగా పనిచెయ్యాలి. సైనస్‌తో ముక్కు మూసుకుపోయినవాళ్లకి ఆ సమయంలో వచ్చే నొప్పి భరించలేనిది.

అడ్డంకులు మూడు రకాలు

మొదటిది, సరిచేసుకోగలిగినవి. బరువు ఎక్కువగానో తక్కువగానో ఉండటం, చెవిలో గుబిలి గట్టిపడటం, రక్తం తక్కువగా ఉండటం, మూలశంక, హెర్నియా లాంటివి. వైద్యం చేయించుకుని, కోలుకున్నాక మళ్లీ చూపించుకోవచ్చు.

రెండోది, డాక్టర్లు పరీక్షించి తేల్చాల్సినవి. విరిగి అతుక్కున్న ఎముక, ముక్కులో దూలం వంకర, ఎప్పుడో చీము కారి ఆగిపోయిన చెవి, చిన్నప్పుడు జ్వరంలో వచ్చిన ఫిట్స్. ఎముక ఎక్కడ విరిగింది, కీలు దాకా వెళ్లిందా, చెయ్యి పూర్తిగా చాపగలుగుతున్నారా, ఇవన్నీ చూసి చెబుతారు. ఇక్కడ పాత చీటీలే ప్రాణం. జ్వరంలో ఒకసారి వచ్చిన ఫిట్స్‌కీ మూర్ఛవ్యాధికీ తేడా తేలాలంటే ఆనాటి డాక్టరుగారి కాగితం ఉండాలి కదా!

మూడోది, పైలట్ ఉద్యోగానికి తలుపు మూసేసేవి. మూర్ఛవ్యాధి, ఉబ్బసం, చక్కెర వ్యాధి, రంగులు సరిగ్గా గుర్తుపట్టలేకపోవడం. ఈ రంగుల సంగతి చాలా ఇళ్లలో ఇంటర్ అయ్యేదాకా ఎవరికీ తెలియదు. చుక్కల మధ్య అంకె కనిపెట్టే చిన్న పరీక్షతో కంటి డాక్టరు అయిదు నిమిషాల్లో చెప్పేస్తారు. అది ఎక్కువగా మగపిల్లల్లో, తల్లి వైపు నుంచి వచ్చే జన్యువు వల్ల వస్తుంది. అంతమాత్రాన "నీ వల్లే" అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఇందులో ఎవరి తప్పూ లేదు.

కళ్లజోడు వచ్చిందా? తొందరపడకండి!

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. వైమానిక దళం పైలట్‌కి ఒక కన్ను 6/6, రెండోది 6/9 కంటే తక్కువ ఉండకూడదు. ఆ రెండో కన్ను కూడా అద్దాలతో 6/6 కి రావాలి. దూరం కనపడని 'మైనస్' అద్దాలకి అసలు ఒప్పుకోరు. కాబట్టి హైస్కూల్లో మైనస్ అద్దాలు వచ్చిన పిల్లలకి ఇంటర్ తర్వాత ఎన్‌డిఎ ద్వారా పైలట్ అయ్యే దారి మూసుకుపోయినట్టే.

కానీ ఇంకో దారి ఉంది. ఎన్‌డిఎలో చేరే వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్లు. డిగ్రీ చదివాక ఏఎఫ్‌క్యాట్ పరీక్ష రాసి పైలట్‌గా చేరడానికి 20 నుంచి 24 ఏళ్ల దాకా వయసు ఉంటుంది. లేజర్‌తో చూపు సరిచేసే లాసిక్ ఆపరేషన్‌ని వైమానిక దళం కొన్ని షరతులతో ఒప్పుకుంటుంది. 20 ఏళ్లు నిండకముందు ఆపరేషన్ చేయించుకుని ఉండకూడదు. చేయించుకున్నాక కనీసం 12 నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడవాలి. కంటి నల్లగుడ్డు పైపొర మందం 450 మైక్రాన్లకి తగ్గకూడదు. ఆపరేషన్‌కి ముందు పవర్ మరీ ఎక్కువగా, అంటే 6 దాటి ఉండకూడదు.

లెక్క వేసి చూడండి. ఇరవై నిండాక ఆపరేషన్, ఒక ఏడాది ఆగడం, అంటే ఇరవై ఒకటి. ఇరవై నాలుగు దాకా సమయం ఉంది. అదే "త్వరగా అద్దాలు పోగొట్టేద్దాం" అని పదిహేడేళ్లకే ఆపరేషన్ చేయించారనుకోండి, ఉన్న ఆ ఒక్క దారీ మీ చేతులతో మీరే మూసేసినట్టు! ఆపరేషన్ మాట ఎత్తేముందు ఆ ఏడాది వచ్చిన ప్రకటనలో నిబంధనలు చదవండి, చదివించండి.

ఇంకో మాట. డిగ్రీ ఏదైనా ఇంటర్లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. కళ్లజోడు వచ్చిందన్న దిగులుతో ఎం.పి.సి. మాన్పించి ఇంకో గ్రూపులో చేర్పిస్తే తర్వాత కళ్లు బాగున్నా లాభం ఉండదు.

'అన్‌ఫిట్' అని రాసినా...

రాత పరీక్ష, మైసూరు, డెహ్రాడూన్ లాంటి చోట్ల జరిగే ఇంటర్వ్యూలు, జీవితంలో ఒక్కసారే రాయనిచ్చే పైలట్ సామర్థ్య పరీక్ష, ఇవన్నీ నెగ్గాక ఢిల్లీలోనో, బెంగుళూరులోనో మెడికల్ బోర్డు ముందుకి పంపుతారు. అక్కడ 'అన్‌ఫిట్' అంటే ఇంటికి వచ్చి తలుపు వేసుకోనక్కర్లేదు. ఏ కారణంతో కాదన్నారో చెబుతారు. అప్పీలు చేసుకుంటే ఇంకో బోర్డు మళ్లీ పరీక్షిస్తుంది. అక్కడా కాదంటే రివ్యూ కోసం అడగవచ్చు, అది ఇవ్వడం ఇవ్వకపోవడం పైఅధికారుల ఇష్టం. వీటికి గడువులుంటాయి. ఏడుస్తూ కూర్చుంటే ఆ రోజులు కాస్తా గడిచిపోతాయి. కాగితం చేతికి రాగానే ఆ విషయంలో నిపుణుడైన డాక్టరుకి చూపించండి.

ఆ పరీక్ష దాకా ఆగనక్కర్లేదు కూడా. ఇంటర్ చేరేముందే కళ్లు, చెవులు, ముక్కు, పళ్లు, రక్తం ఒకసారి చూపించుకుంటే ఏ దారిలో వెళ్లాలో ముందే తెలుస్తుంది.

దాచిపెడితే?

"ఆయాసం సంగతి ఫారంలో రాయకు, వాళ్లకెలా తెలుస్తుంది?" అని సలహా ఇచ్చే పెద్దలు ఉంటారు. వినకండి. తెలిస్తే ఎంపిక రద్దవుతుంది, చేరాక తెలిస్తే ఉద్యోగమే పోతుంది. అసలు భయం అది కూడా కాదు. ముప్పై వేల అడుగుల ఎత్తున, ఒంటరిగా, మీ బిడ్డకి ఊపిరాడకపోతే? పక్కన మీరుండరు, ఇన్‌హేలర్ అందించేవాళ్లుండరు. నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్న బిడ్డ ఇంట్లో భోజనానికి కూర్చుంటాడు. అంతకంటే ఏం కావాలి మనకి?

బరువు చాలని హీరో

మెడికల్‌లో ఆగి, మళ్లీ ఎగిరినవాళ్లు చరిత్రలో ఉన్నారు. హాలీవుడ్ నటుడు జేమ్స్ స్టీవర్ట్ అప్పటికే విమానం నడపడం వచ్చినవాడు. అయినా 1940లో అమెరికా సైన్యం ఆయన్ని బరువు చాలలేదని తిప్పి పంపింది. మనిషి పొడుగ్గా, పుల్లలా ఉండేవాడు! పట్టుబట్టి బలమైన తిండి తిని 1941 మార్చిలో చేరాడు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ పైలట్‌గా 20 దాడుల్లో పాల్గొన్నాడు. 1959లో రిజర్వు దళంలో బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు.

బ్రిటన్ పైలట్ డగ్లస్ బేడర్ 1931లో ప్రమాదంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్నాడు. కృత్రిమ కాళ్లతో నడవడం, మళ్లీ విమానం నడపడం నేర్చుకున్నా 1933లో ఇంటికి పంపేశారు. 1939లో యుద్ధం మొదలయ్యాక తిరిగి తీసుకున్నారు. అది అప్పటి యుద్ధపు అవసరం, అందరికీ అలా జరగదు. కానీ పిలుపు వచ్చేనాటికి ఆయన సిద్ధంగా ఉన్నాడన్నది గుర్తుంచుకోదగ్గ సంగతి.

అమ్మాయిలకీ ఆకాశమే!

మన హైదరాబాదు పక్కనే దుండిగల్‌లో ఉన్న ఎయిర్‌ఫోర్స్ అకాడమీలోనే 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశంలో మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చారు. 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో ఎన్‌డిఎ పరీక్ష అమ్మాయిలకీ తెరుచుకుంది. 2022లో చేరిన మొదటి బృందంలోని 17 మంది అమ్మాయిలు 2025 మేలో శిక్షణ పూర్తి చేశారు.

అమ్మాయిలకి ఎక్కువగా అడ్డొచ్చేది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. ఇది మన చేతిలో పని. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండి పెట్టండి, ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ, కాఫీ ఇవ్వకండి. డాక్టరు ఐరన్ మాత్రలు రాస్తే సగంలో మాన్పించకండి.

ఇంట్లో మనం చెయ్యగలిగినవి

* పొన్నగంటి కూర, క్యారెట్ కంటికి మంచివే, తినిపించండి. కానీ వచ్చిన మైనస్ అద్దాలు వాటితో పోవు. ఇంకా అద్దాలు రాని పిల్లల్ని రోజూ ఒకటి రెండు గంటలు ఆరుబయట వెలుతురులో ఆడుకోనివ్వండి. చూపు మందగించడం కొంతవరకు తగ్గుతుంది.

* చెవిపోటు అనగానే వేడి నూనె చుక్కలు వెయ్యకండి. పిన్నీసుతో గుబిలి తియ్యకండి. చెవిపొరకి చిల్లు పడితే కలకే చిల్లు!

* పుట్టినప్పటి నుంచీ ఉన్న చీటీలు, ఎక్స్‌రేలు, డిశ్చార్జి కాగితాలు తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టండి. ఇంట్లో అన్నిటికంటే విలువైన ఫైలు అదే కావచ్చు.

* రెండో దారి కూడా మాట్లాడుకుని ఉంచండి. వైమానిక దళంలోనే ఇంజనీర్లు, వాతావరణ శాఖవాళ్లు ఉన్నారు. వాటికి కంటి ప్రమాణాలు వేరు. పౌరవిమానాల పైలట్లు అద్దాలతో 6/6 కనపడితే చాలు, విమానం నడపవచ్చు.

* అన్నిటికంటే ముఖ్యం, "నేను ముందే చెప్పానుగా" అనకండి. "ఏ కారణంతో కాదన్నారు? దానికి ఏం చెయ్యాలి?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలు అడిగే అమ్మ పక్కనుంటే పిల్లలు సగం ధైర్యం అక్కడే తెచ్చుకుంటారు.