చివరి వాలుగీత

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీని విప్పకుండా గోదాములో పెట్టడం ఒక పని. మూతి విప్పి, అక్కడ ఇదివరకే ఉన్న రాశిపై కాయలను కుమ్మరించడం మరొక పని. రెండవదాని తరువాత ఏ కాయ ఏ రైతుదో తేల్చడం అసాధ్యము. కంప్యూటరులో ఫోల్డరు పేరు చివర వాలుగీత ఉంచడానికీ, మానడానికీ నడుమ ఒక్కొక్కప్పుడు ఇంతటి భేదమున్నది.

మన సంచికనే ఉదాహరణగా తీసుకొందాము. 'ఉర్దూ', 'తెలుగు' అనే రెండు ఫోల్డర్లలోనూ 'ముందుమాట' అనే ఫైలు ఉన్నదనుకొందాము. 1996లో వెలువడిన ఆర్‌సింక్ అనే సాధనముతో వాటి నకళ్లను 'భద్రము' అనే ఫోల్డరులోనికి పంపుతున్నాము. 'ఉర్దూ' అని వ్రాస్తే ఆ ఫోల్డరే చేరుతుంది. 'ఉర్దూ/' అని వ్రాస్తే లోపలి ఫైళ్లు మాత్రమే చేరుతాయి. వెనువెంటనే 'తెలుగు/' అని పంపితే, తెలుగు ముందుమాట వచ్చి ఉర్దూ ముందుమాట స్థానమును ఆక్రమిస్తుంది. హెచ్చరిక ఏదీ రాదు.

అన్ని వ్యవస్థలూ ఈ గీతను ఒకే తీరున చదవవు. లైనక్సులో సాధారణముగా వాడే 'సీపీ' ఆజ్ఞకు మూల ఫోల్డరు చివర గీత ఉన్నా లేకున్నా ఒకటే. మాక్‌లో అదే ఆజ్ఞ గీతను చూచి, లోపలివాటిని మాత్రమే తీసుకొంటుంది. విండోసు గీత వెనుకకు వాలుతుంది. 1981 నాటి ఎమ్మెస్ డాస్‌లో ముందుకు వాలే గీత ఆజ్ఞల ఐచ్ఛికములకు వినియోగమైనది. అందువలన 1983లో రెండవ రూపముతో ఫోల్డర్లు వచ్చినప్పుడు రెండవ గీతను స్వీకరించవలసివచ్చింది. ఈ గీత ముగింపు కొటేషను గుర్తుకు ముందు నిలిస్తే, కొన్ని ఆజ్ఞలు ఆ గుర్తును పేరులో భాగమని భ్రమిస్తాయి.

ఉర్దూ లిపిలో పేర్లు పెట్టుకొనే మనకు ఇంకొక చిక్కు కలదు. ఎడమనుండి నడిచే తెరపై రెండు ఉర్దూ పేర్లు వరుసగా వస్తే, లోపలి ఫోల్డరు ఎడమకూ, బయటి ఫోల్డరు కుడికీ కనబడతాయి. చివరి గీత మాత్రము కుడి కొసన నిలిచి, బయటి ఫోల్డరుదే అన్నట్లు తోస్తుంది. కంటిని నమ్మరాదు.

కనుక గమ్యమును పూర్తిగా వ్రాయడం మేలు: 'ఉర్దూ/' నుండి 'భద్రము/ఉర్దూ/' నకు, 'తెలుగు/' నుండి 'భద్రము/తెలుగు/' నకు. ఆర్‌సింక్‌లో 'డ్రై రన్' అనే ఐచ్ఛికము కలదు. అది పని చేయక, చేయబోయేది మాత్రమే చూపుతుంది. ముందు దానిని చూచి, పిమ్మట పంపితే రెండు ముందుమాటలూ నిలుస్తాయి.