తెర వెనుక ఒక గది

మాది గుంటూరులో అద్దెయిల్లు. రెండు పడకగదులు, ఒక హాలు, హాలును ఆనుకొని భోజనాల జాగా. మేమిద్దరమూ, ఇద్దరు పిల్లలూ సర్దుకొని ఉన్నంతకాలం అది మాకు కోటలాగే ఉండేది. కిందటేడు మామగారు కాలం చేశారు. తెనాలి దగ్గర పల్లెలో ఒంటరిగా ఉంచడం ఇష్టంలేక అత్తగారిని మా దగ్గరకు తీసుకువచ్చాం. పిల్లలిద్దరికీ పరీక్షల చదువులు. అందుచేత ఆవిడ మంచం భోజనాల జాగాలో పడింది.

ఆవిడ ఒక్క మాట అనలేదు. అనేవాళ్ళతో చిక్కులేదు, అననివాళ్ళతోనే చిక్కు. చీర మార్చుకోవాలంటే తడితడిగా ఉన్న స్నానాలగదిలోకి వెళ్ళేవారు. రాత్రి అమ్మాయి హాల్లో దీపం వేసుకొని చదువుతూంటే, కొంగు మొహంమీద కప్పుకొని పడుకొనేవారు. ఇంటికి ఎవరైనా వస్తే, ఎంత నలతగా ఉన్నా లేచి కూర్చునేవారు. ఒకనాడు నేను కాలేజీ నుంచి పెందరాళే వచ్చేసరికి ఆవిడ చేతిలో మామగారి ఫొటో ఉంది. నన్ను చూడగానే దాన్ని తలగడ కిందకు తోసి, కళ్ళు తుడుచుకొని, “కాఫీ పెట్టమంటావా అమ్మా?” అన్నారు. ఆవిడకు కళ్ళనీళ్ళు పెట్టుకోవడానికయినా ఈ ఇంట్లో చాటు లేదని నాకప్పుడు తెలిసివచ్చింది.

చెక్కతో అడ్డుగోడ పెట్టిద్దామంటే ఇంటివారు ఒప్పుకోలేదు. పరదాల దుకాణంవారిని అడిగితే గుడ్డా, కుట్టుకూలీ, కడ్డీ అన్నీ కలిపి రూ. 11,000 అన్నారు. “మనమే కుట్టుకుందాం” అన్నాను. “ఇంట్లో నాటకాల కంపెనీ పెడుతున్నావా?” అన్నారు మావారు.

పెడితే మాత్రం ఏం? తెర మనకు కొత్తదేం కాదు. జీలకర్రా బెల్లం పెట్టేదాకా వధూవరుల నడుమ పట్టుకొనేది తెరే. భామాకలాపంలో సత్యభామ మొదట జడ చూపించేదీ తెరమీదుగానే. ఒకప్పుడు మన కోరమండల్ తీరపు అద్దకం గుడ్డలు ఓడలెక్కి వెళ్ళి ఐరోపా దొరల మంచాలకూ గోడలకూ వేలాడేవి. ఆ మోజుకు తట్టుకోలేక 1686లో ఫ్రాన్సూ, 1700లో ఇంగ్లండూ అటువంటి గుడ్డల దిగుమతిని చట్టాలు చేసి అరికట్టాయి. అంతటి గుడ్డను నేసి, అద్దినవారి పక్క ఊళ్ళో ఉంటూ, తెర కోసం పదకొండువేలు పోయడమెందుకనిపించింది.

ముందు టేపు, తరవాత దుకాణం

గుడ్డ కొనడానికి ముందు కొలతలు కాగితంమీద రాసుకోవాలి. కొలవవలసింది కిటికీని కాదు, కడ్డీని. కిటికీకైతే కడ్డీ రెండువైపులా ఆరేసి అంగుళాలు ఎక్కువుండాలి. అప్పుడు తెర పక్కకు లాగినప్పుడు వెలుతురుకు అడ్డం రాదు. కడ్డీ పొడుగుకు గుడ్డ వెడల్పు ఒకటిన్నర రెట్లుండాలి. మరీ పలచని గుడ్డయితే రెండు రెట్లు. అంతకు తగ్గితే కుచ్చులు రావు, ఆరేసిన దుప్పటిలా ఉంటుంది.

మా లెక్క చెబుతాను. హాలుకూ భోజనాల జాగాకూ మధ్య ఖాళీ ఏడడుగులు, అంటే 84 అంగుళాలు. దానికి ఒకటిన్నర రెట్లు 126. నేను చూసిన గుడ్డ పన్నా 44 అంగుళాలు. మూడు ముక్కలైతే 132. ముక్కకు రెండంగుళాలు పక్క మడతలకు పోతే సరిగ్గా 126 మిగులుతుంది. ఇక పొడుగు. తెర 82 అంగుళాలుండాలి. నేలకు ఒక అంగుళం ఎత్తున ఆగితే తడిగుడ్డ పెట్టినప్పుడు అంచు మాయదు. పైన కడ్డీ దూర్చే మడతకు నాలుగు, కింద మడతకు నాలుగు, వెరసి 90. నూలుగుడ్డ తొలి ఉతుకులో గజానికి అంగుళం, అంగుళంన్నర కుంచించుకుపోతుంది కనుక మరో నాలుగు కలిపి 94. మీటర్లలో చెబితే ముక్కకు 2 మీటర్ల 40 సెంటీమీటర్లు, మూడింటికి 7 మీటర్ల 20.

పెడన అద్దకం గుడ్డ ఒకటి నచ్చింది. లేతగోధుమరంగు మీద ఎర్రటి తీగలు. మీటరు రూ. 140 చొప్పున రూ. 1,008 అయింది. ఇంటికి తేగానే కత్తెర పట్టకుండా రాత్రంతా నీళ్ళలో నానవేసి, నీడన ఆరవేశాను. ఈ ఒక్క పనికి బద్ధకించినవాళ్ళ తెరలే, నెల తిరిగేసరికి ఎదిగే పిల్లవాడి పంట్లాములాగా పైకి లేస్తాయి.

కత్తిరించేటప్పుడు గీత గీసి కత్తిరించకండి. పన్నా అడ్డంగా ఒక పేక పోగును మెల్లగా లాగెయ్యండి. అది పోయినచోట సన్నని దారి కనబడుతుంది. ఆ దారినే కత్తెర నడిపితే ముక్క వంకర పోదు.

తోలుబొమ్మలాట

ఇంత జాగ్రత్తపడ్డానా, అసలు సంగతి మరిచాను. ఆదివారం తెర కట్టాం. పగలు ఎంతో ముచ్చటగా ఉంది. సాయంకాలం మావారి స్నేహితులొకరు వచ్చి హాల్లో కూర్చున్నారు. అత్తగారు లోపల దీపం వేసుకొని జడ విప్పి దువ్వుకుంటున్నారు. అప్పటికింకా హాల్లో దీపం వెయ్యలేదు. తెరమీద ఆవిడ నీడ, చేతిలో దువ్వెనతో సహా, నిలువెత్తున ఆడుతోంది! “నానమ్మా, తోలుబొమ్మలాట!” అని మావాడు చప్పట్లు కొట్టాడు. నీడ చటుక్కున ఆగిపోయింది. లోపల దీపం ఆరిపోయింది.

మర్నాడు పొద్దున ఆవిడ చీర చేతబట్టుకొని మళ్ళీ స్నానాలగదివైపు నడిచారు.

కనుక గుడ్డను దుకాణంలో పరిచి చూసి మురిసిపోకండి. ఒక్క పొర చేత్తో ఎత్తి, దీపానికి అడ్డుపెట్టండి. వెనక మీ వేళ్ళు లెక్కపెట్టగలిగితే అది కిటికీకి పగటిపూట పనికివస్తుందిగాని, మనిషికి చాటు ఇవ్వదు. చాటు కావాలంటే ఒత్తుగా నేసిన గుడ్డ తీసుకోవాలి. లేదా లోపల అస్తరు వెయ్యాలి.

అస్తరుకు మళ్ళీ వెయ్యి రూపాయలా అని నేను లెక్కలు కడుతూంటే, అత్తగారు ట్రంకుపెట్టె తెరిచి రెండు మంగళగిరి చీరలు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. ఒకటి మిరపపండు రంగు, ఒకటి చిలకపచ్చ.

“ఇవి వెయ్యి, సరిపోతాయి” అన్నారు.

“మీరు కట్టుకోండి అత్తయ్యా. ఈ రోజుల్లో ఎవరేమంటారు?”

“కట్టుకోవడానికి నాకే మనసు రావడం లేదమ్మా. ఆయన కొన్నవి. పెట్టెలో పెట్టుకొని మాత్రం ఏం చేస్తాను? కళ్ళెదుట ఉంటాయి.”

ఆవిడ లెక్క నా లెక్కకంటె చురుకు. అయిదున్నర మీటర్ల చీరలో 90 అంగుళాల ముక్కలు రెండు వస్తాయి. మూడు ముక్కలకు రెండు చీరలు. అస్తరుకు పాత చీరే మేలు, ఎన్నోసార్లు ఉతికింది కనుక ఇక కుంచించుకోదు. అయితే అస్తరును తెరతో కలిపి పైన మాత్రమే కుట్టాలి, పక్కలా కిందా వదిలెయ్యాలి. రెండు గుడ్డలూ ఒక్కలా సాగవు. నాలుగువైపులా బిగిస్తే ముడతలు పడతాయి. కింద అస్తరు పైగుడ్డకంటె అంగుళం పొట్టిగా ఉండాలి.

అంచు మడత

పక్క మడతలూ, పైమడతా మిషనుమీద కుట్టాను. ఈసారి కింది అంచు మాత్రం అత్తగారు నన్ను ముట్టుకోనివ్వలేదు. “ముందు వేలాడదీసి రెండురోజులు వదిలెయ్యి. గుడ్డ తన బరువుకు తాను సాగుతుంది. ఆ తరవాత మడవాలి” అన్నారు. నిజమే, ఒక ముక్క అరంగుళం దిగింది. అప్పుడు అరంగుళం ఒక మడతా, దానిమీద మూడున్నర అంగుళాలు మరో మడతా వేసి, గుండుసూదులు గుచ్చి, కచ్చాకుట్టు వేశాం. వెడల్పు మడత దండగ కాదు. ఆ బరువుకే తెర నిటారుగా నిలుస్తుంది.

ఆవిడ చేతికుట్టు చూసితీరాలి. ఒంటిపోగు దారం, సన్నని సూది. మడత అంచులోంచి సూది పైకి తీసి, ముందు గుడ్డలో ఒకటి రెండు పోగులు మాత్రం ఎత్తి, మళ్ళీ మడతలోకి జారుస్తారు. దారం బిగలాగరు. బయటివైపు కుట్టు పడిన జాడే ఉండదు. నేను కుట్టిన జానెడు చోటును ఆవిడ ఏమీ అనకుండా విప్పి, తిరిగి కుట్టారు.

కడ్డీ సంగతి రెండు ముక్కల్లో. ఇంటివారిని ముందు అడగండి. మరలు తీసినచోట సిమెంటు పూసి ఇస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు. ఎత్తు నేలనుంచి కొలిచి నమ్మకండి, నేలకు వాలుంటుంది. కడ్డీమీద రసమట్టం పెట్టి చూడండి. ఏడడుగుల కడ్డీకి నడుమ కూడా ఒక ఆధారం ఉండాలి, లేకపోతే వంగుతుంది. మరల అక్కర లేకుండా రెండు గోడలకూ బిగిసి నిలిచే స్ప్రింగు కడ్డీలు చిన్న కిటికీకీ తేలిక గుడ్డకూ సరే, అస్తరు వేసిన తెరను మొయ్యలేవు. గ్యాసుపొయ్యి చెంత కిటికీకి మాత్రం ఏ గుడ్డా కట్టకండి.

గుడ్డకు రూ. 1,008, కడ్డీకీ కొక్కేలకూ మరలకూ రూ. 460, దారానికి రూ. 40. అంతా కలిపి రూ. 1,508. పదకొండువేలలో మిగిలింది చూసి మావారు నాటకాల కంపెనీ మాట మళ్ళీ ఎత్తలేదు.

హాల్లోంచి చూస్తే మాకు లేతగోధుమరంగు మీద ఎర్రటి తీగలు కనిపిస్తాయి. మంచంమీదనుంచి అత్తగారికి కనిపించేది మిరపపండు రంగూ, చిలకపచ్చా. మామగారి ఫొటో ఇప్పుడు తలగడ కింద లేదు, మంచం పక్క గూట్లో ఉంది. రాత్రి అమ్మాయి ఎంతసేపు చదివినా ఆవిడ కొంగు మొహంమీదకు రావడం లేదు.

తెరకు తలుపులా గొళ్ళెం ఉండదు, తట్టడానికీ వీలుండదు. అందుకని మా ఇంట్లో కొత్త అలవాటొకటి వచ్చింది. మొన్న మావాడు పరుగున వచ్చి, తెర ముందు టక్కున ఆగి, “నానమ్మా, రావచ్చా?” అన్నాడు.

లోపలినుంచి వెంటనే జవాబు రాలేదు. కాస్సేపు ఆగి, “ఇప్పుడు కాదు నాన్నా, తరవాత రా” అన్నారు అత్తగారు.

మా ఇంటికి వచ్చిన తరవాత ఆవిడ ఎవరినైనా “ఇప్పుడు కాదు” అనడం అదే మొదటిసారి.