ప్రశ్నకు నిలిచే ప్రసంగం

రచయితలు, పౌరహక్కుల కార్యకర్తలు, విశ్రాంత అధికారులు సామాజిక సమస్యలపై ప్రజల ఎదుట చేసే ప్రసంగానికి తెలుగునాట దాదాపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రను ఎక్కువగా వక్తల వైపు నుంచే రాస్తూ వచ్చారు. శ్రోతలు ఏమి అడిగారు, ఆ ప్రశ్నకు వక్త ఎంతవరకు కట్టుబడ్డాడు అన్న వైపు నుంచి కూడా దానిని చదవవలసి ఉంది. అటువంటి పరిశీలన చోడవరం వంటి పట్టణానికి మరీ అవసరం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేవరకు విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉన్న ఈ పట్టణం, గోవాడ సహకార చక్కెర కర్మాగారానికి చెరకు తోలుతూ వచ్చిన రైతుల ఊళ్లకూ, మాడుగుల మీదుగా పాడేరు ఏజెన్సీకి ఎక్కే దారికీ కూడలి. ఏజెన్సీ అంటే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కింద గిరిజనుల భూమికి ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. చెరకు బకాయి, అటవీ భూమి, ఖనిజం అనే ప్రశ్నలన్నీ ఇక్కడ ఎదురుపడుతుండగా, వాటిపై మాట్లాడగలవారి సభలు మాత్రం ఎక్కువగా విశాఖపట్నంలోని పౌర గ్రంథాలయం వంటి నగర వేదికల దగ్గరే ఆగిపోతున్నాయి.

1879లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో వితంతు వివాహం శాస్త్రసమ్మతమేనని ఉపన్యసించినప్పుడు పండితుల నుంచి తీవ్రమైన ఖండన ఎదురైంది. ఆయన దానికి మాటతో బదులిచ్చి ఊరుకోక, 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం జరిపించాడు. ప్రస్తుత అనకాపల్లి జిల్లాలోని ఎస్. రాయవరంలో పుట్టిన గురజాడ అప్పారావు, చదివే అలవాటు అంతగా లేని సమాజానికి సంస్కరణ భావం చేరాలంటే రంగస్థలమే తగిన మార్గమని తలచి ‘కన్యాశుల్కం’ రాసినట్టు 1897 నాటి ముద్రణ పీఠికలో చెప్పుకున్నాడు. గిడుగు రామమూర్తి 1925లో తణుకు సభలో నాలుగు గంటలపాటు మాట్లాడి, వ్యావహారిక భాషను కాదన్న పండితులకు వారు గౌరవించే గ్రంథాల నుంచే ప్రయోగాలు చూపించాడు. ముగ్గురి దారులు వేరైనా, ఎదుటివారి అభ్యంతరాన్ని ముందుగా లెక్కలోకి తీసుకోవడం ముగ్గురిలోనూ కనిపిస్తుంది.

శ్రోత ప్రశ్న వక్తల జీవితాలనే మలుపు తిప్పిన సందర్భం విశాఖపట్నంలోనే జరిగింది. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు భూస్వాముల మనుషుల కాల్పుల్లో చనిపోయిన తర్వాత శ్రీకాకుళం ఏజెన్సీలో గిరిజన ఉద్యమం సాయుధ రూపం తీసుకుంది. అటువంటి రోజుల్లో, 1970 ఫిబ్రవరిలో, కవి శ్రీశ్రీ షష్టిపూర్తి సభలకు రాష్ట్రం నలుమూలల నుంచి రచయితలు విశాఖపట్నం చేరుకున్నారు. సన్మానానికి సిద్ధమైన ఆ ప్రాంగణంలో ‘విశాఖ విద్యార్థులు’ అన్న పేరుతో ఒక కరపత్రం వెలువడి, కొండల్లో ప్రాణాలు పోతున్న వేళ రచయితలు ఎటువైపు నిలుస్తారో తేల్చి చెప్పాలని నిలదీసింది. దాని వేడిలో సాగిన చర్చల ఫలితంగా అదే ఏడాది జులై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడగా, శ్రీశ్రీ దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. ఆ సంఘం రాజకీయాలను అంగీకరించని సాహిత్యకారులు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు, ఆ వాదం ఇంకా ముగియలేదు. అయితే వేదిక కింద కూర్చున్న విద్యార్థులు వేదిక మీది పెద్దలను సమాధానం చెప్పవలసిన స్థితిలో నిలబెట్టగలిగారన్నది, ఆ రాజకీయాలతో నిమిత్తం లేకుండా, సభా సంస్కృతిలో పెద్ద మార్పు.

ప్రసంగానికి మరో రకమైన క్రమశిక్షణను నేర్పినవాడు కె. బాలగోపాల్. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించి, పౌరహక్కుల ఉద్యమంలోకి వచ్చి, 1998లో మానవ హక్కుల వేదిక స్థాపనలో పాలుపంచుకుని, న్యాయవాదిగా కూడా పనిచేసిన ఆయన 2009లో మరణించేవరకు చేసిన ప్రసంగాల వెనుక నిజనిర్ధారణ ఉండేది. నిజనిర్ధారణ అంటే సంఘటన జరిగిన ఊరికి వెళ్లి, బాధితులనూ ఇతరులనూ విడివిడిగా అడిగి, కాగితాలు చూసి, తెలిసినదానిని మాత్రమే నివేదికగా రాయడం. ఆవేశాన్ని పెంచే వాక్యం కంటే విషయాన్ని విడమరిచే వాక్యానికి ఆయన విలువ ఇవ్వడం వల్లనే, ఆ ప్రసంగాలు కాగితం మీదికి ఎక్కిన తర్వాత కూడా వ్యాసాల్లా చదివిస్తాయి. ఈ పద్ధతి ఎంత ఓపిక కోరుతుందో వాకపల్లి ఉదంతం చూపుతుంది. పాడేరు ఏజెన్సీలోని ఆ గ్రామంలో 2007 ఆగస్టు 20న పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది ఆదివాసీ మహిళలు ఫిర్యాదు చేయగా, 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడిచిపెడుతూనే, దర్యాప్తు సక్రమంగా సాగనందున ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. పదహారేళ్లకు దగ్గరగా ఒక విషయాన్ని జనం మరచిపోకుండా నిలపడమంటే ఒక సభతో తీరే పని కాదు. మానవ హక్కుల వేదిక ఆ బాధ్యతను వదలలేదు.

ఏజెన్సీ గనుల విషయంలోనూ ఇలాగే ఏళ్ల తరబడి మాట్లాడుతూ ఉండవలసి వచ్చింది. షెడ్యూలు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో చెప్పిన తీర్పును వక్తలు సామాన్యుడికి అర్థమయ్యే మాటల్లోకి మార్చవలసి వచ్చింది. మాజీ కేంద్ర కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ వంటివారు ప్రభుత్వానికి లేఖల మీద లేఖలు రాశారు. 2015లో బాక్సైట్ తవ్వకాలకు దారి తెరిచిన 97వ నంబరు జీవోను ప్రభుత్వం ఆందోళనల నడుమ పక్కన పెట్టి, 2019లో రద్దు చేసింది.

ఇంతటి అనుభవం గల ప్రాంతంలో చిన్న పట్టణాల సభలు తరచూ జ్యోతి ప్రజ్వలన, అధ్యక్షోపన్యాసం, శాలువాలు, జ్ఞాపికలతోనే అలసిపోయి, శ్రోత వంతు వచ్చేసరికి వందన సమర్పణకు చేరుకోవడం బాధాకరం. శ్రోత ప్రశ్నకు చోటు ఇవ్వడానికి పెద్ద నిధులేమీ అక్కరలేదు: ఒక సభకు ఒకే సమస్య, వక్తకు ఒక గంట, ప్రశ్నలకు మరో గంట, వాటిని రాసి ఉంచే ఒక పుస్తకం ఉంటే చాలు. సభకు గ్రంథాలయాన్ని వాడుకుంటే ఆ చోటు కూడా ప్రజలదే, ఎందుకంటే 1960 నాటి రాష్ట్ర గ్రంథాలయ చట్టం ప్రకారం ఆస్తి పన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు తోడ్పాటుతో శాఖా గ్రంథాలయాలు నడుస్తాయి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు చెరకు నరుకుళ్లు ముమ్మరం కాకముందే వస్తాయి కనుక, ఆ ఏడు రోజుల్లో ఒక సాయంత్రం చెరకు బకాయిలకూ, మరొక సాయంత్రం ఏజెన్సీ భూములకూ కేటాయించి, రాసే వారితో పాటు ఆ సమస్యను అనుభవిస్తున్న రైతునూ గిరిజన మహిళనూ వక్తలుగా పిలవడం చోడవరంలో ఈ ఏడాదే మొదలుకావచ్చు.