రంగు వెనుక ముఖం భద్రం!

వేషం కట్టేవారు తెలుసుకోవాల్సిన ఓ పాత సినిమా కథ

శ్రీరామనవమి పందిట్లో హిరణ్యకశిపుడు గర్జిస్తే పిల్లలు తల్లుల కొంగు చాటుకు చేరతారు. ఘటోత్కచుడు గద ఎత్తితే ఈలలు పడతాయి. వేషం ఎంత బాగా కుదిరిందో మర్నాడు రచ్చబండ దగ్గర చెప్పుకొంటారు. ఆ రంగు కింద చర్మం ఏమైందో మాత్రం నటుడికే ఎరుక. మంట, దురద, కళ్లు ఎర్రబడటం... ‘వేషమన్నాక ఇవన్నీ మామూలే’ అని సరిపెట్టుకోవడం అలవాటైపోయింది.

నిజానికి రంగు ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. అదీ డబ్బుకు, డాక్టర్లకు కొదవలేని హాలీవుడ్‌లో!

రేకు మనిషికి ఊపిరాడలేదు

అమెరికాలో ఎంజీఎం కంపెనీ తీసిన ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’ 1939లో విడుదలైంది. సుడిగాలికి ఎగిరిపోయి మాయాలోకంలో పడ్డ ఓ అమ్మాయి కథ అది. ఆమెకు తోడుగా చేలో దిష్టిబొమ్మ, రేకు మనిషి, పిరికి సింహం నడుస్తాయి. ఓ మంత్రగత్తె వెంటాడుతుంది. ఈ వేషాలన్నిటినీ తీర్చిదిద్దింది ఆ కంపెనీ మేకప్ విభాగం అధిపతి జాక్ డాన్.

రేకు మనిషి వేషానికి మొదట బడ్డీ ఎబ్సెన్‌ను తీసుకున్నారు. ముఖానికి తెల్లరంగు పట్టించి, దానిమీద అల్యూమినియం పొడి చల్లేవారు. రోజూ అదే తంతు. పొడి గాలిలో లేచి ఊపిరితోపాటు లోపలికి పోయింది. షూటింగు మొదలై రెండు వారాలు నిండకముందే ఆయనకు ఊపిరాడక ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఆయన స్థానంలో జాక్ హేలీ వచ్చారు. ఈసారి పొడి మానేసి, అల్యూమినియాన్ని ముద్దగా కలిపి పూశారు. ఊపిరితిత్తులు బతికాయి గానీ, రంగు కంట్లో పడి హేలీ కూడా కొన్నాళ్లు షూటింగుకు దూరమయ్యారు.

దిష్టిబొమ్మ వేషం కట్టిన రే బోల్గర్‌కు గోనెగుడ్డలా కనిపించే రబ్బరు తొడుగు అతికించేవారు. సినిమా పూర్తయి ఏడాది దాటినా దాని గీతలు ఆయన ముఖం మీద పోలేదట.

ఆకుపచ్చ రంగు, మంటలు

మంత్రగత్తె పాత్రధారిణి మార్గరెట్ హామిల్టన్ కష్టం మరీ ఎక్కువ. పెట్టుడు ముక్కు, పెట్టుడు గడ్డం, ముఖమంతా రాగి కలిసిన ఆకుపచ్చ రంగు. పొరపాటున నోట్లోకి పోతే విషమే. అందుకే వేషంలో ఉన్నంతసేపు గొట్టంతో ద్రవాహారమే తీసుకునేవారు.

1938 డిసెంబరులో ఓ సన్నివేశం తీస్తున్నారు. మంటలు, పొగ లేచే సమయానికి ఆమె నేలలోని తలుపు గుండా కిందికి దిగిపోవాలి. ఆ రోజు మంట ముందే లేచింది. ముఖం, చెయ్యి కాలాయి. కాలిన చర్మం మీద ఆ రాగి రంగు ఉండటం ప్రమాదం. దాంతో స్పిరిట్‌తో తుడిచి తీయాల్సి వచ్చింది. పుండు మీద స్పిరిట్ పడితే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! ఆరు వారాల తర్వాత ఆమె మళ్లీ పనిలోకి వచ్చారు. మంటల జోలికి మాత్రం రానని షరతు పెట్టారు.

రబ్బరు ముఖం ఎలా చేస్తారు?

తర్వాతి కాలంలో ఈ విద్య బాగా పెరిగింది. పళ్ల డాక్టర్లు దవడ అచ్చు తీసే పదార్థం లాంటిదే నటుడి ముఖానికి పూసి అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోస్తే నటుడి ముఖం దిగుతుంది. దానిమీద బంకమట్టితో కావలసిన ముక్కు, నుదురు మలిచి, మళ్లీ అచ్చు కడతారు. రబ్బరు పాలను మజ్జిగలా చిలికి నురగ తీసి, ఆ అచ్చులో నింపి పొయ్యిలో కాలుస్తారు. మెత్తటి తొడుగు తయారవుతుంది. అంచులు ఉల్లిపొరలా పలుచగా ఉంటేనే అతుకు కనిపించదు. తీసేటప్పుడు ఆ అంచులు చిరుగుతాయి కాబట్టి సాధారణంగా ఒక్క రోజుకు ఒక తొడుగు.

1968లో ‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ సినిమాకు కోతి ముఖాలు చేసిన జాన్ చాంబర్స్ అంతకుముందు యుద్ధంలో గాయపడ్డ సైనికులకు పెట్టుడు ముక్కులు, చెవులు చేసినవాడే. కోతి ముఖాలకు ఆయనకు ప్రత్యేక ఆస్కార్ దక్కింది. మనవాళ్లు చూసిన ‘భామనే సత్యభామనే’ (1996), ‘దశావతారం’ (2008) చిత్రాల్లో కమల్‌హాసన్‌ను గుర్తుపట్టలేనంతగా మార్చిన మైకేల్ వెస్ట్‌మోర్ కూడా హాలీవుడ్ మనిషే.

మన అర్దళం సంగతి

మన యక్షగానాల్లో, భాగవతాల్లో పసుపు ఛాయకు అర్దళం పూయడం పాతకాలం నాటి పద్ధతి. అర్దళం అంటే ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం. సీసంతో చేసిన సఫేదా, సిందూరం కూడా ఇలాంటివే. ఇవి ఒక్క రాత్రిలో పడగొట్టవు. ఏళ్ల తరబడి ఒంట్లో చేరి దెబ్బతీస్తాయి.

ఇంకొకటి. గాంధీ జయంతికి పిల్లవాడికి ఒళ్లంతా వెండి రంగు పూసి బొమ్మలా నిలబెట్టడం చాలా ఊళ్లలో చూస్తున్నదే. గేట్లకు, కిటికీ చువ్వలకు వేసే వెండి రంగులోనూ ఉండేది ఎబ్సెన్‌ను ఆస్పత్రి పాలు చేసిన అల్యూమినియం పొడే. పైగా అందులో కలిపే నూనెలు లేత చర్మాన్ని మండిస్తాయి. పిల్లలకు ఆ రంగు అసలు పూయకూడదు.

ఈ జాగ్రత్తలు చాలు

ముఖానికి వేసే రంగు మేకప్ కోసమే తయారైనదై ఉండాలి. కొత్త రంగైతే ముందురోజు మోచేతి లోపలివైపు కాస్త రాసి చూడాలి. దద్దుర్లు లేస్తే అది పనికిరాదు. పొడి రంగులు ముక్కు దగ్గర చల్లకూడదు. మీసాలు, గడ్డాలు అతికించడానికి మేకప్ గమ్మే వాడాలి, చెక్కలు అతికించే బంక కాదు. ఆట అయ్యాక కిరోసిన్, పెట్రోలుతో తుడవకుండా కొబ్బరినూనె రాసి, మెత్తటి గుడ్డతో తీసి, సబ్బుతో కడుక్కోవాలి. పెట్టుడు జుట్టు, నైలాన్ బట్టలు ఉన్నప్పుడు కాగడాలు, బాణసంచా దూరంగా ఉంచాలి. ఆయాసం వచ్చినా, కళ్లు మండినా వెంటనే రంగు కడిగి డాక్టరుకు చూపించాలి.

నాటకం ఖర్చు లెక్కేసేటప్పుడు మైకుసెట్టుకు, పందిరికి వేలు పక్కన పెట్టే కమిటీలు మంచి మేకప్ పెట్టెకు కూడా నాలుగు రూపాయలు కేటాయిస్తే నటుల ముఖాలు భద్రంగా ఉంటాయి.