ప్రోటానుకు చావుందా? కోలారు గని అడిగిన ప్రశ్న

మా శ్రీనివాసపురానికి తిన్నగా దక్షిణాన కోలారు బంగారు గనులున్నాయి. ఆ పేరు వింటే ఇక్కడివాళ్ళకు బంగారం, కూలి బతుకులు, సైనైడు దిబ్బలు గుర్తొస్తాయి. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడ్డాయి. అదే నేల అడుగున భౌతికశాస్త్రం తన నమ్మకాలలోకెల్లా పెద్దదాన్ని పరీక్షకు పెట్టిన సంగతి మన బడిపిల్లలకు తప్పక చెప్పాలి.

1974లో జార్జి, గ్లాషో అనే భౌతికశాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. ప్రకృతిలోని మూడు బలాలకు మూలం ఒక్కటేనన్నది దాని సారం. అది నిజమైతే ప్రోటాను శాశ్వతం కాదు, ఎప్పుడో ఒకప్పుడు క్షయిస్తుంది. అప్పటికి ఎవరూ అలాంటి క్షయాన్ని చూసి ఎరగరు. సమీకరణాల పొందిక ఎంతో అందంగా ఉంది కాబట్టి చాలామంది నమ్మారు. ఆ నమ్మకాన్ని నేను తప్పు పట్టను. అది లేకపోతే రెండు కిలోమీటర్ల లోతుకు ఇనుము దించే ఓపిక ఎవరికి ఉంటుంది?

ప్రోటాను ఆయుర్దాయం 1 పక్కన 31 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలు ఉండవచ్చని అప్పటి అంచనా. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలే. ఒక్క ప్రోటానును చూస్తూ కూర్చుంటే లాభం లేదు, లెక్కలేనన్ని ప్రోటాన్లను ఒకేసారి కాపు కాయాలి. ఒక టన్ను ఇనుములో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి సుమారు 6 పక్కన 29 సున్నాలు. 140 టన్నులు పేర్చితే, అంచనా నిజమైన పక్షంలో, ఏడాదికి సుమారు ఎనిమిది క్షయాలు జరగాలి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, జపాన్ శాస్త్రవేత్తలు కలిసి 1980లో అటువంటి పరికరాన్నే 2.3 కిలోమీటర్ల లోతున నిలిపారు. కాస్మిక్ కిరణాల రొదను పైనున్న రాతిపొర అడ్డుకుంటుంది.

ఒక్క న్యూట్రినో అనే సూక్ష్మకణాన్ని మాత్రం ఆ రాయి ఆపలేదు. భూమి అవతలి వైపు పుట్టినా భూమినంతా దాటుకుని వచ్చేస్తుంది. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో, భారత, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను పట్టి ప్రపంచానికి చాటారు. దక్షిణాఫ్రికా బంగారు గనిలో భౌతికశాస్త్రవేత్త రైన్స్ బృందమూ ఆ ఏడాదే వాటిని పట్టింది. ఆనాడు కోలారుకు కీర్తి తెచ్చిన న్యూట్రినోయే పదిహేనేళ్ళకు అదే గనిలో సందేహమై ఎదురొచ్చింది. ఇనుములో న్యూట్రినో తగిలినా, ప్రోటాను క్షయించినా మిగిలే జాడలు ఒకదాన్నొకటి పోలి ఉండవచ్చు. 1981, 1982లలో కోలారు బృందం కొన్ని ఘటనలు ప్రోటాను క్షయాలు కావచ్చని ప్రకటించింది. ఇక్కడ ‘కావచ్చు’ అన్న మాటకున్న బరువు చాలా ఎక్కువ.

అమెరికాలోని ఓహైయో ఉప్పు గనిలో వేల టన్నుల నీటితో కట్టిన ఐఎంబీ పరికరం 1983 నాటికే, సిద్ధాంతం ముఖ్యంగా ఆశించిన క్షయమార్గంలో ఏమీ కనబడలేదని చెప్పింది. జపాన్‌లోని కామియోకాండే పరికరానికీ దొరకలేదు. 1974 నాటి సిద్ధాంతం ఆ తొలి సరళ రూపంలో నిలవలేదు. కోలారు ప్రయోగం 1990ల మొదట్లో ముగిసింది.

కోలారు బృందం చూపిన ఆ సందేహానికి మన ప్రాచీన తర్కశాస్త్రంలోనూ చోటుంది. గౌతముని న్యాయసూత్రాలు పదహారు పదార్థాలు (విచారణాంశాలు) చెబుతాయి. వాటిలో సంశయం మూడోది, తర్కం ఎనిమిదోది, నిర్ణయం తొమ్మిదోది. సంశయం లేనిదే నిర్ణయం దాకా నడక లేదన్నమాట. అప్పట్లో కోలారు జిల్లాలో ఉన్న గౌరిబిదనూరు తాలూకాలో పుట్టిన భౌతికశాస్త్రవేత్త హెచ్. నరసింహయ్య, బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా 1976లో అదే సంశయంతో మహిమల పరిశీలనకు ఒక సంఘాన్ని వేశారు. పరుల మాటను పరీక్షకు పిలవడానికి ధైర్యం కావాలి. ఏళ్ళ శ్రమతో తాము పట్టిన జాడను తామే ‘కావచ్చు’ దగ్గర ఆపి లోకం ముందు పెట్టడానికి ఇంకా ఎక్కువ ధైర్యం కావాలని నా అభిప్రాయం.

ప్రోటాన్ల కోసం కట్టిన కామియోకాండే 1987 ఫిబ్రవరి 23న ఒక సూపర్‌నోవా నుంచి వచ్చిన న్యూట్రినోలను పట్టింది. దాని వారసురాలు సూపర్‌-కామియోకాండే, సిద్ధాంతం ముఖ్యంగా ఆశించిన మార్గంలో క్షయించేట్టయితే ప్రోటాను బతికేది 1 పక్కన 34 సున్నాల సంవత్సరాల కన్నా ఎక్కువేనని తేల్చింది. క్షయం మాత్రం ఇంతవరకు ఎవరికీ కనబడలేదు. కోలారులో 140 టన్నుల ఇనుముతో అడిగిన ప్రశ్ననే, నిర్మాణంలో ఉన్న హైపర్‌-కామియోకాండే రెండున్నర లక్షల టన్నుల నీటితో మళ్ళీ అడగబోతోంది.