వస్తువులు - ప్రమేయాలు : జావా భాషలో ఒక సమన్వయం

గణితశాస్త్రంలో ప్రమేయానికి ఒక విశిష్ట గుణమున్నది. ఒక సంఖ్యను దానికి అందిస్తే నిశ్చితమైన ఒక ఫలితాన్ని ఇస్తుంది. అదే సంఖ్యను మరల అందిస్తే మరల అదే ఫలితం వస్తుంది. 4 యొక్క వర్గం నిన్న 16, నేడు 16, రేపు కూడా 16. కాని కంప్యూటరు ప్రోగ్రాములలో ఒకే ప్రశ్నకు ఒకప్పుడు ఒక సమాధానం, మరొకప్పుడు వేరొక సమాధానం రావడం కద్దు. ఇది యంత్రం చేసిన తప్పు కాదు. ప్రోగ్రాము వ్రాసిన పద్ధతిలోనే ఆ లోపం దాగి ఉంటుంది. ఆ లోపమెట్టిదో, దానిని తొలగించుటకు మార్గమేదో పరిశీలిద్దాం.

ప్రోగ్రాము రచనా పద్ధతులలో రెండింటిని ఇక్కడ ప్రస్తావించాలి. మొదటిది ప్రమేయ ప్రధానమైన ఫంక్షనల్ పద్ధతి. 1930 దశకంలో అమెరికా గణితవేత్త అలాంజో చర్చ్ రూపొందించిన లాంబ్డా కాల్క్యులస్ దీనికి మూలం. 1958లో జాన్ మెకార్తీ ప్రారంభించిన లిస్ప్ భాష ఈ మార్గంలో తొలి మైలురాయి. రెండవది వస్తు ప్రధానమైన ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి. నార్వే దేశీయులైన ఓలె యొహాన్ దాల్, క్రిస్టెన్ నిగార్డ్ 1960 దశకంలో రూపొందించిన సిములా భాషతో ఇది ఆరంభమైనది. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెలువరించిన జావా ఈ రెండవ సంప్రదాయానికి చెందినది.

వస్తు పద్ధతిలో సమాచారాన్నీ, దానిపై జరిగే పనులనూ ఒకే చోట చేర్చి ఆబ్జెక్టుగా రూపొందిస్తారు. ఆ పనులకు మెథడ్లని పేరు. పెద్ద ప్రోగ్రామును చిన్న భాగాలుగా విభజించుకొనుటకు ఈ పద్ధతి ఎంతో అనుకూలం. అయితే ఆబ్జెక్టు తన లోపలి విలువలను ఎప్పటికప్పుడు మార్చుకొనగలదు. చిక్కు అక్కడనే పుడుతున్నది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక పరీక్షలో ముగ్గురు విద్యార్థులకు 32, 58, 90 మార్కులు వచ్చినవనుకొందాం. ఉత్తీర్ణతకు 35 కావలెను. మార్కుల పట్టిక ఒక ఆబ్జెక్టు. అందులో ఒక మెథడ్ తరగతి సగటును లెక్కిస్తుంది. మరొక మెథడ్ మూడు మార్కులు తక్కువైన విద్యార్థికి గ్రేస్ మార్కులు కలిపి, పట్టికలోని 32ను చెరిపి 35 అని వ్రాస్తుంది. సగటును ముందుగా లెక్కిస్తే 60, గ్రేస్ కలిపిన తరువాత లెక్కిస్తే 61. గ్రేస్ లేకుండా ఉత్తీర్ణులైనవారు ఎందరని అడిగితే ముందు 2, తరువాత 3. విడివిడిగా చూస్తే రెండు మెథడ్లూ నిర్దోషమైనవే. ఏది ముందు నడిచినదన్న దానిని బట్టి ఫలితం మారిపోతున్నది. అన్నిటికంటె విచారకరమైన విషయం, అసలు మార్కు 32 అన్న సత్యమే చెరిగిపోవడం. ఇట్టి అంకెల ఆధారంతో ఉపకార వేతనం నిర్ణయించవలసివస్తే, అర్హులకు అన్యాయం జరుగుతుంది. తప్పు ఎక్కడ జరిగినదో కనుగొనడం కూడా కష్టమవుతుంది.

దీనికి ఫంక్షనల్ పద్ధతి చెప్పే పరిహారం సులభమైనది. ఉన్న పట్టికను దిద్దరాదు. గ్రేస్ కలిపిన కొత్త పట్టికను తయారుచేసి ఇవ్వాలి. అప్పుడు పాత పట్టికలో 32, కొత్త పట్టికలో 35 రెండూ నిలిచి ఉంటాయి. ఏ పట్టిక సగటు కావలెనో అడిగేవాడు స్పష్టంగా చెప్పవలసి వస్తుంది. ఏ మెథడ్ ముందు నడిచినా పాత పట్టిక సగటు 60, కొత్త పట్టిక సగటు 61.

2014 మార్చిలో వెలువడిన జావా 8 ఈ పద్ధతికి ద్వారం తెరిచినది. లాంబ్డా అనే చిన్న ప్రమేయాలను ఒక మెథడుకు విలువలవలె అందించే వీలు కలిగినది. స్ట్రీమ్ అనే సాధనం కూడా వచ్చినది. స్ట్రీమ్‌లోని ఫిల్టర్ కావలసిన అంశాలను ఎన్నుకొంటుంది. మ్యాప్ ఒక్కొక్క అంశం నుండి కొత్త విలువను సాధిస్తుంది. రెడ్యూస్ అన్నిటినీ కలిపి ఒకే ఫలితంగా కూరుస్తుంది. ఇవి మూల పట్టికలో అంశాలను చేర్చవు, తీసివేయవు. 2021లో జావా 16తో స్థిరపడిన రికార్డులు, ఒకసారి నింపిన తరువాత తమ అంశాలకు మరొక విలువ నిచ్చుటకు వీలులేనివి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. లాంబ్డా గుర్తు వాడినంత మాత్రాన ప్రోగ్రాము ఫంక్షనల్ కాజాలదు. లాంబ్డా లోపలనుండి ఒక ఆబ్జెక్టు విలువను మార్చితే జావా అడ్డుపడదు. రికార్డులో మారగల జాబితాను ఉంచితే, ఆ జాబితాలోని అంశాలు మారుతూనే ఉంటాయి. అందువలన జాబితాకు మారని ప్రతిని తీసి ఉంచుకొనుట మేలు. భాష సాధనాలను మాత్రమే సమకూర్చగలదు, క్రమశిక్షణ ప్రోగ్రాము వ్రాసేవానిదే.

అటులని ఆబ్జెక్టులను విడిచిపెట్టవలసిన పని లేదు. బ్యాంకు ఖాతాలో నిల్వ మారక తప్పదు. ఫలితాలను భద్రపరచక తప్పదు. అట్టి మార్పులను ప్రోగ్రాము అంచులలో కొన్ని చోట్లకే పరిమితం చేసి, నడుమనున్న లెక్కలన్నిటినీ శుద్ధ ప్రమేయాలుగా వ్రాయడమే వివేకం. ఇట్టి ప్రమేయాలను పరీక్షించడం కూడా తేలిక. 32, 58, 90 ఇచ్చి 60 వచ్చినదో లేదో చూస్తే చాలు. నేటి కంప్యూటర్లలో అనేక కోర్‌లు ఏకకాలంలో పనిచేస్తున్నవి. మారని విలువను ఎందరు ఒకేసారి చదివినా ప్రమాదం లేదు. మారే విలువను ఇద్దరు ఒకేసారి దిద్దబోతే ఒకరు వ్రాసినది మరొకరు చెరిపివేసే అవకాశమున్నది.

కావున ప్రోగ్రాము రచన నేర్చుకొనే విద్యార్థులు ప్రతి మెథడ్ వ్రాసేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దీని ఫలితం దీనికి అందించిన విలువలపై మాత్రమే ఆధారపడి ఉన్నదా? ఇది బయట దేనినైనా మార్చుచున్నదా? మొదటి ప్రశ్నకు అవునని, రెండవ ప్రశ్నకు కాదని చెప్పగలిగితే, ఆ మెథడును నేడు నమ్మినట్లే రేపూ నమ్మవచ్చును.