మీకు తెలుసా? కేలరీల దగ్గరే తడబాటు

వ్యాయామ సమయంలో చేతి ఫిట్‌నెస్ బ్యాండ్ గుండె వేగాన్ని బాగానే పట్టుకుంటుంది, కేలరీల దగ్గరే తడబడుతుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మందిని నడిపించి, పరుగెత్తించి, సైకిల్ తొక్కించి 7 పరికరాలను పరీక్షించారు. 2017లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆరింటిలో గుండె వేగం తేడా 5 శాతం లోపే. కేలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. మరీ అధ్వానమైనది 93 శాతం!

బ్యాండు అడుగున వెలిగే ఆకుపచ్చ కాంతి చర్మం కింద రక్తం కదలికను చూసి నాడిని లెక్కిస్తుంది. ఖర్చయిన శక్తిని నేరుగా కొలిచే సాధనం అందులో లేదు. బరువు, వయసు, కదలికల నుంచి అంచనా కడుతుంది, అంతే. పట్టీ వదులైతే నాడి లెక్కా చెడుతుంది. మణికట్టు ఎముకకు కాస్త పైన, బిగువుగా కట్టుకోండి. తెరమీది కేలరీలను నమ్మి తిండి పెంచుకోకండి.